నన్ను మామీ అని పిలిచిన రోజు

"నీ ఉద్యోగం రోజుకి ఎనిమిది గంటలే కదా. మిగతా పదహారు గంటలూ ఇల్లే కదా నీకు," అన్నాడు హేమంత్.

ఎగతాళికి అనలేదు. నాకు ధైర్యం చెప్పడానికే అన్నాడు. అప్పుడు నేను చపాతీలు ఒత్తుతున్నాను. ఓజస్ నా ఎడమ చంకలో ఉన్నాడు. దింపితే ఏడుస్తాడు. ఏడిస్తే అత్తగారు పూజ మధ్యలో లేవాలి. ఆవిడ లేస్తే ఆ రోజంతా ఆవిడ మోకాళ్ల నొప్పి గురించి వినాలి. అందుకని ఇరవై నెలల పిల్లాణ్ణి మోస్తూ ఒంటి చేత్తో ఒత్తడం నేర్చుకున్నాను. వంటింటి గడప మీద సానికా సగం అల్లిన జడతో కూర్చుని, రెండో సగం కోసం ఎదురుచూస్తోంది. ఆ పదహారు గంటల్లో నేను పడుకునేవి అయిదు. ఆ అయిదులోనూ రెండుసార్లు ఓజస్ పాలకి లేస్తాడు. ఇదంతా హేమంత్‌కి చెప్పాలనుకున్నాను. కానీ పెనం మీద చపాతీ మాడుతోంది. ఏడూ నలభైకి బస్సు. "అవును," అన్నాను.

ఆరేళ్ల తర్వాత దొరికిన ఉద్యోగం. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను, పెళ్లికి ముందు ఏడాది పాటు మిరజ్‌లో ఒక ప్రయోగశాలలో పనిచేశాను. తర్వాత సానికా, ఆ తర్వాత ఓజస్. సాంగ్లీ బయట, తాస్‌గావ్ రోడ్డు మీద ఆప్టే మేడమ్ నడిపే ల్యాబ్‌లో మనుషులు కావాలని తెలిసినప్పుడు ఓజస్‌కి పదిహేడు నెలలు. మా వైపు ద్రాక్ష విదేశాలకి వెళ్లాలంటే కాయల్లో పురుగుమందు ఎంత మిగిలిందో పరీక్ష చేయించి కాగితం తెచ్చుకోవాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మంచుపెట్టెల్లో ద్రాక్షగుత్తులు వస్తూనే ఉంటాయి. వాటిని రుబ్బి, ద్రావకంలో కలిపి, యంత్రానికి ఎక్కించి, రెండు రోజుల్లో ఫలితం చెప్పాలి. సీజను ముందు నవంబర్‌లోనే మనుషుల్ని తీసుకుంటారు.

ఇంటర్వ్యూ రోజు నాకంటే ముందు ఒకామె లోపలికి వెళ్లింది. అయిదు నిమిషాల్లో బయటికి వచ్చేసింది. "మీ బాబుకి ఎన్నేళ్లు అని అడిగారు. రెండు అన్నాను. ఫైలు మూసేశారు," అని నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూనే కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత నన్ను పిలిచారు.

ఆప్టే మేడమ్‌కి యాభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, ఇస్త్రీ మడత చెదరని నూలు చీర. నా మార్కులు చూసింది, నాలుగు ప్రశ్నలు అడిగింది. నా జవాబులు నచ్చినట్టు తల ఊపింది. ఆ తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి అడిగింది.

"పిల్లలు?"

"ఒకమ్మాయి, మేడమ్. ఎనిమిదేళ్లు. మిరజ్‌లో మా అమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది."

తడబడతానేమో, మాట వణుకుతుందేమో అని నేనే ఎదురుచూశాను. ఏమీ కాలేదు. అయిదేళ్ల సానికాకి ఒక్క క్షణంలో మూడేళ్లు పెంచి ఊరు దాటించేశాను. ఓజస్‌నైతే పుట్టనే పుట్టనట్టు తుడిచేశాను. మా అమ్మ పోయి నాలుగేళ్లయింది. పోయిన మనిషిని బతికించి, బతికున్న బిడ్డని లేకుండా చేసి, నియామకపు కాగితం చేతిలో పట్టుకుని బయటికి వచ్చాను. బయట ఆమె ఇంకా ఆటో కోసం నిలబడి ఉంది. ఆమె కంట పడకుండా అవతలి వైపు నడిచాను.

ఇంట్లో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. ఉద్యోగం వచ్చిందని అందరూ సంతోషించారు. చుట్టాలు వస్తే హేమంత్ తానే చెప్పేవాడు, "నేనెప్పుడూ కాదనలేదండీ. చదువుకుంది, చెయ్యనీ అన్నాను." అందరూ అతని వైపు మెచ్చుకోలుగా చూసేవాళ్లు. టీ కప్పులు నేనే తీసేదాన్ని. హేమంత్ పాలిటెక్నిక్‌లో లెక్చరర్. పది గంటలకి వెళ్లి నాలుగున్నరకి వస్తాడు. వచ్చాక కాసేపు నడుం వాలుస్తాడు. చెడ్డవాడు కాదు. పిల్లలంటే ప్రాణం. వాళ్లు స్నానం చేసి, తిని, నవ్వుతూ ఉన్నప్పుడు గంటల తరబడి ఆడిస్తాడు.

పగలంతా పిల్లల్ని చూసేది అత్తగారు. ఆవిణ్ణి నేను ఆత్యా అని పిలుస్తాను, ఆవిడ నన్ను సూన్‌బాయీ, అంటే కోడలా, అంటుంది. మాట కటువు. మొదటి వారంలోనే అంది, "సూన్‌బాయీ, పగలు నన్ను పీక్కుతింటాడు, రాత్రి నిన్ను పీక్కుతింటాడు. పాలు మాన్పించెయ్. వేపాకు నూరి రాసుకో, రెండు రోజులు ఏడ్చి మర్చిపోతాడు." మాన్పిస్తానన్నాను. మాన్పించలేదు. సాయంత్రం తలుపు తియ్యగానే వాడు పరిగెత్తుకొచ్చి నా కుర్తా అంచు పట్టుకుంటాడు. దానికి వేపాకు రాయలేకపోయాను.

కానీ పాలకి ఉద్యోగం సంగతి తెలియదు కదా. పగలు పదకొండయ్యేసరికి గుండెలు రాళ్లలా గట్టిపడేవి. ఆడవాళ్ల బాత్రూంలోకి వెళ్లి, శబ్దం వినపడకుండా కుళాయి తిప్పి, సింకులోకి పిండేసేదాన్ని. నా బిడ్డ పాలు తెల్లగా జాలీలోంచి దిగిపోతుంటే అద్దంలోకి చూడకుండా తల వంచుకునేదాన్ని. ఒకరోజు నమూనాలు ఎక్కువై వెళ్లడం కుదరలేదు. తెల్లకోటు మీద రెండు చోట్ల తడి. నా పక్కన ద్రాక్ష రుబ్బుతూ, అక్కా అన్నట్టు నన్ను తాయీ అని పిలిచే రేష్మా ములాణీ చూసింది.

"ద్రావకం ఒలికింది," అన్నాను.

"ద్రావకమైతే ఈపాటికి ఆరిపోయేదే తాయీ," అంది తను, నా వైపు చూడకుండా. మర్నాడు స్టోరులోంచి దళసరి రబ్బరు ఏప్రన్ ఒకటి తెచ్చి నా కుర్చీకి తగిలించింది. "ఇది కట్టుకో. ఏ మరకా కనిపించదు." ఇంకేమీ అడగలేదు. ఇరవై నాలుగేళ్ల పిల్ల, పెళ్లి కాలేదు. తనకి తెలిసిపోయిందని తెలిసి, వారం రోజులు తన కళ్లలోకి చూడలేకపోయాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పడానికి ఇదే అన్నిటికంటే కష్టంగా ఉంది. ఆ అబద్ధం నాకు భారంగా ఉండేదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. హాయిగా ఉండేది. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్న ఆ ఇరవై అయిదు నిమిషాలు నన్ను ఎవరూ పట్టుకుని లాగరు. ల్యాబ్‌లో నేను ఎవరి ముక్కూ తుడవక్కర్లేదు. వేడివేడి టీ వేడిగానే తాగుతాను. యంత్రం తెర మీద గీతలు లేచి పడుతుంటే, ఏ గీత ఏ మందుదో రేష్మాకి చెబుతుంటే, నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. నా పేరు వృషాలీ. కానీ అక్కడి వృషాలీ చంకలో పిల్లలెవరూ లేరు. ఆ వృషాలీ నాకు నచ్చింది. మూడు నెలల్లో ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. ఓజస్‌కి నూట రెండు జ్వరం వచ్చిన రోజు కూడా పెట్టలేదు. ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటల పాటు నాకు వాడు గుర్తే రాలేదు. గుర్తొచ్చిన క్షణంలో చేతిలోని గాజుగొట్టం జారి పగిలింది.

ఫిబ్రవరి మొదటి శుక్రవారం. రథసప్తమి లోపు ముగించాలని వాడవాడలా పసుపు-కుంకుమ పేరంటాలు జరుగుతున్నాయి. ఆ మధ్యాహ్నం ఆత్యా తన స్నేహితురాలి ఇంటికి పేరంటానికి వెళ్లాలి. వారం ముందే చెప్పింది. హేమంత్ ఒంటిగంటకి ఇంటికి వచ్చి పిల్లల్ని చూస్తానన్నాడు. నేను అన్నం, వరణ్ పప్పు వండి, గిన్నెల మీద మూతలు పెట్టి, ఓజస్ నాప్‌కిన్లు వరసగా మడిచి, ఏది ఎప్పుడు పెట్టాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి మరీ వెళ్లాను.

మూడు గంటలకి నాసిక్ నుంచి ఇద్దరు ఎగుమతి వ్యాపారులు వచ్చారు. పెద్ద కాంట్రాక్టు. ఆప్టే మేడమ్ నన్ను ముందుగదికి పిలిచి వాళ్లకి పరిచయం చేసింది. "మా కెమిస్టు వృషాలీ. వచ్చినప్పటి నుంచి ఒక్క సెలవు లేదు. వచ్చే నెల పుణేలో శిక్షణకి ఈమెనే పంపిస్తున్నా, ఎనిమిది రోజులు. ఇంటి జంజాటం లేని మనిషి దొరకడం ఈ రోజుల్లో అదృష్టం." ఆ మాటకి నేను నవ్వాను. నమూనాల ఫలితాలు వివరించడం మొదలుపెట్టాను. ఆ ఇద్దరూ శ్రద్ధగా వింటున్నారు, కొత్తగా మొలిచిన మర్యాదతో నన్ను మేడమ్ అంటున్నారు.

అప్పుడు గాజు తలుపు తెరుచుకుంది.

సానికా. ఒక చేత్తో ఓజస్ మణికట్టు పట్టుకుని, ఇంకో చేత్తో తలుపుని నెట్టి పట్టుకుని ఉంది. ఓజస్ ఒక కాలికే చెప్పుంది. వాడి మొహమంతా ఏడ్చిన చారలు. వెనకాల వాచ్‌మన్ పాటిల్ మామ నిలబడి, "మీ కోసం వచ్చారట తాయీ. వాళ్ల నాన్న గేటు దగ్గర దింపేసి స్కూటర్ మీద వెళ్లిపోయాడు," అంటున్నాడు. ఆ మాట పూర్తి కాకముందే సానికా, ఇంట్లో అమ్మని పిలిచినట్టే, "ఆయీ!" అని అరిచింది. మూడు నెలలుగా నేను పనిచేసే చోటు చూడాలని అడుగుతున్న పిల్ల. మొహం వెలిగిపోతోంది.

ఆప్టే మేడమ్ నా వైపు తిరిగింది. "ఎవరీ పిల్లలు?"

"మా ఆడపడుచు పిల్లలు, మేడమ్," అన్నాను.

ఇంటర్వ్యూలో వచ్చినట్టే వచ్చింది మాట, తడబాటు లేకుండా. అంతటితో ఆగలేదు నేను. "నన్ను కూడా ఆయీ అనే పిలుస్తారు. చనువెక్కువ."

సానికా అక్కడే ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. తర్వాత మేడమ్ మొహం, ఆ ఇద్దరు కొత్త మగవాళ్ల మొహాలు చూసింది. దీపావళికి కరాడ్ నుంచి వచ్చే మా ఆడపడుచు పిల్లలు నన్ను ఏమని పిలుస్తారో దానికి తెలుసు. ఓజస్ దాని చేయి విడిపించుకుని నా దగ్గరికి పరిగెత్తి, అలవాటుగా నా కుర్తా అంచు పట్టుకుని పైకి లాగడం మొదలుపెట్టాడు. సానికా వచ్చి వాడి వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.

"అలా లాగకూడదు ఓజస్. మామీ పనిలో ఉంది," అంది, మేనమామ భార్యని పిలిచినట్టు. నా వైపు తిరిగి, చాలా మర్యాదగా, "మామీ, వీడికి ఆకలేస్తోంది," అంది.

ఏప్రన్ కింద నాకు పాలు కారిపోతున్నాయి.

"పాపం, వీళ్లమ్మ ఎక్కడికి వెళ్లింది ఇలా వదిలేసి?" అంది ఆప్టే మేడమ్. నిజంగా జాలిపడుతూనే అంది.

"కొంచెం బాధ్యత తక్కువ, మేడమ్," అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ నా గొంతు మీద కత్తి పెట్టలేదు. ఊరుకున్నా సరిపోయేది. కానీ నవ్వుతూ అన్నాను, ఆ వ్యాపారులు కూడా నవ్వారు. రేష్మా వచ్చి, ఏమీ అనకుండా పిల్లలిద్దర్నీ లోపలికి, స్టోరు గదిలోకి తీసుకెళ్లింది. తలుపు వెనక నుంచి ఓజస్ ఏడుపు, వాడికి బిస్కెట్ పెడుతూ సానికా ఏదో కథ చెబుతున్న గొంతు వినిపిస్తూనే ఉన్నాయి. నలభై నిమిషాల పాటు పురుగుమందుల పరిమితుల గురించి మాట్లాడాను. ఒక్క అంకె కూడా తప్పు చెప్పలేదు.

హేమంత్ అయిదింటికి వచ్చి వాళ్లని తీసుకెళ్లాడు. ప్రిన్సిపల్ హఠాత్తుగా మీటింగ్ పెట్టాడట. "నీ దగ్గరైతే నాకు నిశ్చింత కదా అని దింపేశాను," అన్నాడు ఫోన్‌లో.

ఆ సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి సానికా వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉంది. లేచి రాలేదు. నేను చెప్పులు విప్పుతుంటే దగ్గరికి వచ్చి, గుసగుసగా అడిగింది.

"ఇంట్లో కూడా మామీ అనాలా?"

నేను దాన్ని దగ్గరికి లాక్కున్నాను. "వద్దు బంగారం. ఇంట్లో ఆయీ."

"బాబాకి చెప్పకూడదా?"

వాళ్ల నాన్నకి చెప్పొద్దని అనలేక, చెప్పులు గోడ వారగా సర్దాను. పిల్ల నా మొహం కాసేపు చదివి, "చెప్పనులే," అంది. అయిదేళ్ల పిల్లకి నేను నేర్పిన పాఠం అది. ఎక్కడ నా కూతురు, ఎక్కడ కాదో తెలుసుకుని మసలుకోవాలి. నన్ను కాపాడాలి. అది ఎంత త్వరగా నేర్చుకుందంటే, నాకు నా కూతురి ముందు తల ఎత్తబుద్ధి కాలేదు.

హేమంత్‌కి నేనే చెప్పాను, అన్నం తినేటప్పుడు, ఇంటర్వ్యూ నుంచి మొదలుపెట్టి అంతా. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. అతను ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, పకపకా నవ్వాడు. "భలే తెలివైనదానివే! ఉద్యోగం కావాలంటే ఆ మాత్రం చెప్పాలి మరి. సానికా ఏం నటించింది! నా కూతురు కదా," అని దాని వీపు తట్టాడు. సానికా నవ్వలేదు, పళ్లెంలో వరణ్‌ని వేలితో గీస్తూ కూర్చుంది.

ఆత్యా వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నా మనవడు లేడన్నావా?"

"ఆత్యా, అది..."

"బతికున్న బిడ్డని, నట్టింట్లో తిరుగుతున్న బిడ్డని లేడని ఏ నోటితో అన్నావమ్మా? నోరెలా వచ్చింది నీకు?" ఆవిడ గొంతు పెంచలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరేళ్లలో ఆవిడ నన్ను అన్న మాటలన్నిటికీ నాలోపల నేనొక ఎదురు మాట అనుకునేదాన్ని. ఆ రాత్రి ఎదురు మాట వెతక్కుండా, ఆవిడ పళ్లెంలో అన్నం వడ్డించాను. ఆవిడ తినకుండానే లేచి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున ఆవిడ బట్టలు మడుస్తూ కనిపించింది. మంగళవారం ఏడింటి బస్సుకి కరాడ్ వెళ్తున్నానంది, కూతురింటికి, పది రోజులు.

"నా మీద కోపంతోనా ఆత్యా?" అన్నాను.

"కోపం ఉంది. కానీ దానికోసం కాదు." చీర మడత మీద అరచెయ్యి రాస్తూ అంది. "నీకు ఆదివారం సెలవు. హేమంత్‌కి ఆదివారమూ, రెండో శనివారమూ, వేసవి సెలవులూ. నాకు? పేరంటానికి పోయి రెండు గంటలు కూర్చుందామంటే ఆ రోజే మీటింగట. నేను మనిషిని కాదా? మూడు నెలలుగా ఒక్కరైనా అడిగారా, ఆయీ నీకు కుదురుతుందా అని?"

అడగలేదు. హేమంత్ నన్ను అడగలేదని నేను కుమిలిపోయాను, ఆవిణ్ణి నేను అడగలేదు. నా భుజం మీది బరువు తీసి ఆవిడ భుజం మీద పెట్టి, దానికి ఏర్పాటు అని పేరు పెట్టుకున్నాను. ఆవిడకి అరవై ఆరేళ్లు. ఇరవై నెలల పిల్లాడి వెనక పరిగెత్తే మోకాళ్ల గురించి ఆవిడ చెబుతుంటే నేను సణుగుడు అనుకున్నాను.

"వెళ్లి రండి ఆత్యా," అన్నాను. "పది రోజులు కాదు, ఎన్నాళ్లు ఉండాలనిపిస్తే అన్నాళ్లు ఉండండి." ఆవిడ నా వైపు అనుమానంగా చూసింది. నేను కూర్చుని మిగతా చీరలు మడిచాను.

సోమవారం ఆప్టే మేడమ్ నన్ను తన గదికి పిలిచింది. నమూనాలు రెట్టింపయ్యాయి, ఇంకొకరిని తీసుకోవాలి, ఇంటర్వ్యూలో పని ప్రశ్నలు నువ్వే అడుగు అంది. మేడమ్ పక్క కుర్చీలో కూర్చున్నాను, నవంబర్‌లో నేను ఎదురుగా కూర్చున్న ఆ బల్లకి ఇవతలి వైపు.

వచ్చినామె పేరు ప్రాజక్తా కాంబళే. నాకంటే మంచి మార్కులు. యంత్రం గురించి నేను అడిగిన ప్రతిదానికీ సూటిగా చెప్పింది. ఒకచోట నన్నే సరిదిద్దింది. మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత ఏమడుగుతుందో నాకు తెలుసు.

"పిల్లలు?"

"ఒక బాబు, మేడమ్. రెండేళ్లు నిండాయి," అంది ప్రాజక్తా. చెబుతూ చెబుతూ తనకి తెలియకుండానే నవ్వింది, వాడి మొహం గుర్తొచ్చినట్టు.

మేడమ్ ఫైలు మూసింది. కటువుగా మూయలేదు. "చూడమ్మా, నాకు పిల్లల మీద ద్వేషం లేదు. కిందటేడు నడి సీజన్‌లో ఇద్దరు తల్లులు మానేశారు. ముప్ఫై ఎనిమిది నమూనాలు పాడైపోయాయి. ఆ రైతులు ఇదే గుమ్మంలో నిలబడి నన్ను అడిగారు, నా దగ్గర జవాబు లేదు. ఇదిగో, వృషాలీని చూడు. పాప పెద్దదయ్యేదాకా ఓపిక పట్టింది, చక్కగా ఏర్పాటు చేసుకుంది, ఆ తర్వాత వచ్చింది. నువ్వూ అలా రా. చెప్పు వృషాలీ, నీ అనుభవం చెప్పు ఈ అమ్మాయికి."

ప్రాజక్తా నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అంత సరిగ్గా బతికిన ఆడదాన్ని చూసి, తను ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్న చూపు. ఆటో కోసం నిలబడ్డ ఆమె నుంచి నేను తప్పించుకున్నాను. ఈమె నా ఎదురుగానే కూర్చుంది.

"నాకు ఇద్దరు, మేడమ్," అన్నాను.

"ఏంటి?"

"పాపకి అయిదేళ్లు. బాబుకి ఇరవై నెలలు. ఇంకా పాలు తాగుతున్నాడు. శుక్రవారం వచ్చినవాళ్లు నా పిల్లలే. మిరజ్‌లో మా అమ్మ లేదు, పోయింది. ఆ రోజు బాధ్యత తక్కువ అని నేను చెప్పినావిడ నేనే."

గొంతు వణికింది. నవంబర్‌లో వణకనిది ఇప్పుడు వణికింది. మొహం మండిపోతోంది, చెవుల దాకా. అయినా తల దించుకోలేదు. మేడమ్ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. తర్వాత ప్రాజక్తాని బయట కూర్చోమంది.

తలుపు మూసుకున్నాక అంది, "అబద్ధం చెప్పావు కాబట్టి నిన్ను తీసెయ్యాలి. లేదంటే, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని నా దగ్గర అందరికంటే బాగా పనిచేశావు కాబట్టి, నా పద్ధతి తప్పని ఒప్పుకోవాలి. ఈ రెండూ నాకు ఇష్టం లేదు."

నేను బల్ల మీద మూసి ఉన్న ప్రాజక్తా ఫైలుని చూస్తూ కూర్చున్నాను.

"ఆ పాప నిన్ను మామీ అంది కదా."

"అవును, మేడమ్."

"దానికి ముందే నేర్పావా?"

"లేదు. అదే అనేసింది."

మేడమ్ కళ్లజోడు తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగింది. ఆవిడకి పిల్లలున్నారో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆవిణ్ణి ఎవరూ అడిగి ఉండరు. సాయంత్రం ఇంటికి బయలుదేరేముందు పిలిచి తేల్చి చెప్పింది. పుణే శిక్షణకి రేష్మా వెళ్తుంది. నా ఉద్యోగం ఏప్రిల్ దాకా ఉంటుంది, ఆ తర్వాత సంగతి అప్పుడు చూస్తుంది. ప్రాజక్తా బుధవారం చేరుతుంది. "పిల్లలకి ఒంట్లో బాగాలేకపోతే రానని చెప్పు. జీతం కోస్తాను. కానీ చెప్పు. ఇంకోసారి అబద్ధం చెబితే ఆ రోజే ఆఖరు." నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అంది, "ఆ స్టోరు గదికి గడియ ఉంది. పాలు పిండుకోవడానికి బాత్రూంలోకి పోవడమేంటి, అసహ్యంగా."

బస్సులో ఆ రోజు కిటికీ పక్క చోటు దొరికింది. బయటికి చూడలేదు. సానికాకి ఏ మాటలతో చెప్పాలా అని కూడబలుక్కుంటూ కూర్చున్నాను.

ఇంటి వెనక దండెం మీద బట్టలు తీస్తూ చెప్పాను. దానికి క్లిప్పులు అందించడం ఇష్టం. "మేడమ్‌కి నిజం చెప్పేశాను. మీరు నా పిల్లలని చెప్పాను. ఆ రోజు నేను చేసింది చాలా తప్పు సానికా."

"మళ్లీ వస్తే ఏమని పిలవాలి?"

"ఆయీ అని. గట్టిగా."

క్లిప్పులు బుట్టలో ఒక్కొక్కటే వేసింది. తల ఎత్తకుండానే అంది, "ఆ రోజు నాకు భయమేసింది. కొంచెంసేపు నువ్వు నిజంగానే మామీవేమో అనుకున్నా."

దండెం మీంచి లాగిన దుప్పటి చేతుల్లోనే పెట్టుకుని సానికా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాను. దాన్ని ముద్దు పెట్టుకుని సరిచేసే సంగతి కాదది. నేను క్షమించమని అడిగాను. అది "ఇంకా కోపం ఉంది," అంది. "ఉండనీ," అన్నాను. ఇద్దరం కలిసి దుప్పటి కొసలు పట్టుకుని మడిచాం.

మంగళవారం పొద్దున ఆత్యాని బస్సు ఎక్కించి వచ్చేసరికి ఏడూ ఇరవై. నేను ఏ కాగితం మీదా ఏమీ రాయలేదు. గిన్నెల మీద మూతలు పెట్టలేదు. ఓజస్‌కి పాలిచ్చి, హేమంత్ ఒళ్లో కూర్చోబెట్టాను.

"ఇదేంటి? నాకు పదింటికి క్లాసుంది," అన్నాడు.

"ఈ వారం మీరు సెలవు పెట్టండి. వచ్చే వారం నేను పెడతాను. నా జీతం కోస్తారు, కొయ్యనివ్వండి."

"నువ్వే మానెయ్యొచ్చు కదా, ఎలాగూ ఏప్రిల్ దాకానేగా..." నా మొహం చూసి ఆగాడు. "సరే, ఒక్కరోజైతే చూస్తాను. కడుపునొప్పని ఫోన్ చేస్తాలే."

"కడుపునొప్పని వద్దు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, వాళ్లని చూసుకోవాలి, అందుకే రావడంలేదని చెప్పండి."

అతను నిజంగానే ఉలిక్కిపడ్డాడు. ఒళ్లో ఉన్న కొడుకుని, నన్ను మార్చి మార్చి చూశాడు.

"ప్రిన్సిపల్‌తో అలా ఎలా చెప్తానే? స్టాఫ్‌రూంలో అందరికీ తెలిస్తే? సిగ్గుచేటు కాదూ?"

"సిగ్గుగానే ఉంటుంది," అన్నాను, ఫోన్ తీసి అతని చేతిలో పెడుతూ. "నేను మూడు నెలలు పడ్డాను. ఇవాళ్టికి మీరు పడండి."

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే అతను నంబరు నొక్కిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత గొంతు సవరించుకోవడం, ఒకసారి, మళ్లీ ఇంకోసారి. ఏం చెప్పాడో వినడానికి నేను ఆగలేదు. ఏడూ నలభై బస్సు మలుపు తిరుగుతోంది.